పలకమీద ‘నేటి చేప’

అండమాన్ తీరాన ఒక ఫ్రెంచి భోజనం. దాని వెనుక మార్సెయ్ జాలరి కుండ, సిక్కోలు జాలరి గేలం

తెలుగువారికి అండమాన్ అన్న మాట చాలాకాలంపాటు విహారంతో గాని, విందుతో గాని సంబంధం లేని మాట. అది ద్వీపాంతరవాసం. వెళ్లినవాడు తిరిగి వస్తాడన్న ఆశను ఇంటివారు వదులుకోవలసిన చోటు. అల్లూరి సీతారామరాజు వెంట రంప తిరుగుబాటులో నడిచిన గాం మల్లుదొర అక్కడి శిక్ష అనుభవించి తిరిగివచ్చి, 1952లో లోక్‌సభ సభ్యుడైనాడు. అటువంటి అదృష్టం అందరికీ దక్కలేదు.

అదే సముద్రాన్ని ఇప్పుడు మనవారు సెలవులు గడపటానికి దాటుతున్నారు. విశాఖపట్నంనుంచి జలమార్గాన సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడలో రెండు రోజులు పైబడి, విమానంలో అయితే ఒక పూట కూడా పట్టదు. పోర్ట్ బ్లెయిర్ చేరి (2024 సెప్టెంబరునుంచి దాని అధికార నామం శ్రీ విజయపురం), అక్కడ మరొక చిన్న ఓడ ఎక్కి, రెండు గంటల అటూ ఇటూగా హేవ్‌లాక్ దీవిలో దిగి, చెప్పులు విప్పి ఇసుకలో పాదాలు దూర్చుకొని, నోరు తిరగని ఫ్రెంచి పేర్లుగల వంటకాలు తెప్పించుకొంటున్నారు. తాతల కాలంలో శిక్షగా ఉన్నది మనుమల కాలానికి ముచ్చట అయింది.

ఈ దీవి పేరు కథ కూడా చెప్పుకోదగినదే. 1857 తిరుగుబాటును అణచటంలో పేరుమోసిన ఆంగ్ల సేనాని హెన్రీ హేవ్‌లాక్ పేరు దీనికి ఉండేది. 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీప్ అని మార్చారు. అయినా ఓడరేవులో టిక్కెట్టు కొనేవారి నోట ఇప్పటికీ పాతపేరే వినిపిస్తుంది. ఊళ్ల పేర్లు మాత్రం గోవిందనగర్, రాధానగర్, కృష్ణనగర్, శ్యామనగర్. దేశ విభజన తరువాత తూర్పు బెంగాలునుంచి తరలివచ్చిన శరణార్థులకు 1950లలో ఇక్కడ భూములిచ్చి స్థిరపరచారు. వారి గ్రామాలకు కృష్ణుడు దొరికాడు గాని సముద్ర తీరాలకు వట్టి అంకెలే మిగిలాయి: మూడో నంబరు, అయిదో నంబరు, ఏడో నంబరు. ఆ ఏడో నంబరు తీరమే రాధానగర్. 2004లో ‘టైమ్’ పత్రిక ఆసియాలోకెల్లా ఉత్తమమైన తీరమని దాన్ని మెచ్చుకొన్నది. అది పడమటి దిక్కున ఉన్నది గనుక సూర్యాస్తమయం చూడాలంటే అక్కడికే వెళ్లాలి. భోజనానికి మాత్రం తూర్పువైపున ఉన్న మూడు, అయిదు నంబర్లకు రావాలి. ఈ దీవులు ఎంతో తూర్పున ఉన్నా గడియారాలు మాత్రం మన కాలమే చెబుతాయి. అందుచేత శీతాకాలంలో సాయంత్రం అయిదు గంటలకే పొద్దు గుంకుతుంది. ఆరింటికి కటిక చీకటి. ఏడింటికి రాత్రి భోజనం ఆలస్యమైనట్టే తోస్తుంది.

మేము వెళ్లిన భోజనశాల అటువంటి తూర్పు తీరాన, కొబ్బరిచెట్ల మధ్య ఉన్నది. కర్ర స్తంభాలు, ఆకు కప్పు, ఇసుక నేల, బల్లలు ఒకదానికొకటి పోలని కుర్చీలు. గోడలు లేవు. ఫ్రాన్సులో మధ్యధరా తీరాన ఇటువంటి పాకను ‘పాయోత్’ అంటారు. ‘పాయ్’ అంటే గడ్డి. పేదవాడి గుడిసె అన్నంత అర్థమే ఆ మాటకు. అయితే అక్కడ దాన్ని తక్కువగా చూడరాదు. 1999 ఏప్రిల్‌లో కోర్సికా దీవిలో అనుమతి లేకుండా కట్టిన ఒక పాయోత్ రాత్రివేళ తగలబడిపోయింది. విచారించగా నిప్పుపెట్టినవారు సాక్షాత్తు పోలీసులేనని, ఆజ్ఞ ఇచ్చినవాడు ఆ దీవికి ప్రభుత్వం నియమించిన అధిపతి బెర్నార్ బోనే అని తేలింది. ఆయన చెరసాలకు వెళ్లవలసివచ్చింది, దేశంలోని ప్రభుత్వమే అల్లాడింది. తీరం మీద ఎవరు కట్టుకోవచ్చు, ఎంత దూరంలో కట్టుకోవచ్చు అన్న తగవు మన దేశంలోనూ ఉన్నదే. మన తీరరక్షణ నియమాల పుణ్యమా అని అండమాన్‌లో బల్లలు అలలకు మరీ చేరువగా రావు. అది మంచికే అనుకొంటాను. పోటు సమయంలో ఆ సముద్రం ఎంతవరకు వస్తుందో చూసినవారు మరింత వెనక్కి జరగమనే అంటారు. 2004 డిసెంబరు 26ను ఈ దీవులు ఇంకా మరువలేదు.

ద్వారం దగ్గర ఒక నల్లపలక. దానిమీద సుద్దముక్కతో రాసిన మొదటి పంక్తి ‘పువాసోఁ దు జూర్’. నేటి చేప అని అర్థం. పక్క బల్ల దగ్గరి పెద్దమనిషి ఒకరు ఆ అక్షరాలను ఇంగ్లీషులో కూడబలుక్కొని చదివి, “ఇదేమిటండీ, విషమని రాశారు!” అని ఉలిక్కిపడినారు. ఆయనను నవ్వటానికి వీలులేదు. అనువాదం వృత్తిగా గలవారు ఇటువంటిచోట వినయంగా ఉండటం మేలు. ఫ్రెంచి భాషలోనే ఒక్క అక్షరం తగ్గితే చేప విషమవుతుంది. రెండు ‘ఎస్’లుంటే చేప, ఒకటే ఉంటే విషం. ఆ మాట చెప్పగా ఆయన కుదుటపడి, అయినా ఎందుకైనా మంచిదని కోడికూర తెప్పించుకొన్నారు.

‘నేటి చేప’ అన్న ఆ రెండు మాటలలోనే ఫ్రెంచి తీరభోజనపు కిటుకంతా ఉన్నది. వంటవాడు తన ఇష్టం వచ్చినదాన్ని వండడు. ఆనాడు సముద్రం ఇచ్చినదాన్ని వండుతాడు. పారిస్ నగరంలోని పెద్ద భోజనశాల పొడవైన పట్టిక అచ్చువేయించి ఏడాది పొడవునా నడుపుకోవచ్చు. తీరాన ఉన్నవాడికి అచ్చుపట్టికకంటె పలక, సుద్దముక్క నమ్మదగినవి. తుడిచి రాసుకోవచ్చు.

హేవ్‌లాక్‌లో ఈ సూత్రం మరింత నిక్కచ్చిగా వర్తిస్తుంది. మా బల్లమీదికి వచ్చిన వస్తువులను ఒక్కొక్కటిగా లెక్కవేసి చూశాను. గోధుమపిండి ప్రధాన భూభాగంనుంచి ఓడలో వచ్చింది. వెన్న అంతే. బంగాళాదుంపలు, ఉల్లిపాయలు అంతే; ఓడ ఆలస్యమైతే వాటి ధర ఆకాశాన్నంటుతుంది. దీపాలను వెలిగించే విద్యుత్తు కూడా చాలావరకు ఓడలో వచ్చిన డీజిలునుంచి పుట్టినదే. సముద్రంమీద ప్రయాణం చేయకుండా, సముద్రంలోనుంచే నేరుగా వచ్చినది చేప ఒక్కటే. దానికి తోడు కొబ్బరికాయ, అరటి ఆకు. మిగిలిన ఫ్రెంచితనమంతా దిగుమతి.

ఆ చేప ఎవరు పట్టారన్న ప్రశ్నకు జవాబు మేము అడగకుండానే దొరికింది. మధ్యాహ్నం అదే దారిన నడుస్తూండగా వంటశాల వెనుక ఒక ముసలి జాలరి, యజమాని తూకం దగ్గర వాదించుకొంటున్నారు. జాలరి హిందీలో మొదలుపెట్టి, కోపం ముదిరేసరికి తెలుగులోకి దిగినాడు. ఆ తెలుగు సిక్కోలుది. పొరపాటు పడటానికి వీలులేదు. తగవు తీరేదాకా ఆగి, “ఏ ఊరు బాబాయ్ మీది?” అన్నాను.

“మాది సోంపేట పక్కనమ్మా,” అన్నాడు. “మా అయ్య వొచ్చీసినాడు. నానీడే పుట్టినాను.”

ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, అరవై ఏళ్లు నిండినవాడు. సోంపేటకు వెళ్లినది పెళ్లిళ్లకూ చావులకూ మాత్రమే. అయినా ‘మాది’ అన్నది ఆ ఊరినే. ఇటువంటివారు ఈ దీవులలో వేలకొద్దీ ఉన్నారు. 2011 జనగణన ప్రకారం అండమాన్, నికోబార్ దీవుల జనాభా 3,80,581. అందులో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. అత్యధికులు శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలనుంచి వచ్చినవారు, వారి సంతతి. శ్రీ విజయపురంలోని జంగ్లీఘాట్ చేపల రేవులో తెల్లవారుజామున నిలబడితే భీమిలి రేవులో ఉన్నామా అన్న భ్రాంతి కలుగుతుంది.

పగడపు దిబ్బల మీద వల పనికిరాదని ఆ బాబాయే చెప్పినాడు. చీలికలైపోతుంది. అందుకని ఎర్రచేప, గ్రూపర్ వంటి దిబ్బచేపలను గేలంతో ఒక్కొక్కటిగానే పట్టాలి. అంటే మా పళ్లెంలోకి రాబోయే ఎర్రచేపను, హోటలువారి మాటలో రెడ్ స్నాపర్‌ను, ఒక మనిషి ఒక దారంతో చేతిమీదుగా పైకి లాగినాడన్నమాట. దాని రుచికి కారణం సగం అక్కడే ఉన్నది. వలలో నలగలేదు, మంచుపెట్టెలో రోజులు గడపలేదు.

ఇక వంట సంగతి. రెండు తెప్పించుకొన్నాము. మొదటిది ‘మునియేర్’. మునియేర్ అంటే పిండిమర నడిపేవాని భార్య. చేపను పిండిలో దొర్లించి, వెన్నలో వేయించి, నిమ్మరసం, సన్నగా తరిగిన ఆకు చల్లుతారు. మరవాని ఇంట పిండికి కొరత లేదు గనుక ఆ పేరు. 1948 నవంబరులో జూలియా చైల్డ్ అనే అమెరికన్ గృహిణి భర్తతో కలిసి ఫ్రాన్సులో దిగి, రూఆఁ నగరంలో మొదటిసారి ఈ పద్ధతిలో వండిన చేప తిని, ఆ ఒక్క భోజనంతో తన జీవితమార్గమే మారిందని తరువాత చెప్పుకొన్నది. అమెరికాకు ఫ్రెంచి వంట నేర్పినది ఆమే. మా పళ్లెంలోని మునియేర్ అంతటిది కాదు. వెన్న ఎక్కువై, చేప రుచి దాని కింద అణగిపోయింది. 

రెండవది మాత్రం ఎన్నదగినది. ‘పాపియోత్’ అన్నారు. జుట్టు ఉంగరాలు తిరగటానికి చుట్టుకొనే కాగితానికి ఫ్రెంచిలో ఆ పేరు. చేపను కాగితంలో పొట్లం కట్టి, తన ఆవిరిలో తానే ఉడికేటట్టు చేస్తారు. ఈ దీవిలో కాగితానికి బదులు అరటి ఆకు వాడినారు. పొట్లం విప్పగానే లేచిన వాసనలో ఫ్రాన్సు ఎంత, బెంగాలు ఎంత, మన ఊరు ఎంత అన్నది తేల్చటం నాకు చేతకాలేదు. ఆకులో చుట్టి చేప ఉడికించటం బెంగాలీ ఇళ్లలో అనాదిగా ఉన్నది. వంటవాడు బెంగాలీ కుర్రవాడు. ఫ్రెంచి పేరు కింద తన తల్లి వంట వండిపెట్టినాడని నా అనుమానం. 

అసలు ఫ్రెంచి వంటలలో తీరానికి నిజంగా చెందినది ఈ రెండూ కావు. అది బూయాబేస్. మార్సెయ్ రేవు జాలరులు మంచి చేపలను అమ్మివేసి, ఎవరూ కొనని ముళ్లచేపలను, రాళ్లసందులలో దొరికే వికారపు చేపలను సముద్రపు ఒడ్డునే ఒక కుండలో వేసి కాచుకొనే పులుసు అది. ‘కాగనిచ్చి, మంట తగ్గించు’ అన్న రెండు క్రియలే దాని పేరు. ప్రేమదేవత వీనస్ తన భర్తను నిద్రపుచ్చటానికి దీన్ని వండిపెట్టిందని ఒక కట్టుకథ ఉన్నది గాని, దేవతలకంటె జాలరిభార్యలకే ఈ కీర్తి చెందటం న్యాయం. వెల్లుల్లి, ఉల్లి, టమాటా, సోపు, నారింజ తొక్క, ఆలివ్ నూనె, కుంకుమపువ్వు వేస్తారు. ముందు రసం, తరువాత చేపలు విడిగా వడ్డిస్తారు. నంజుకోవటానికి వెల్లుల్లి, ఎండుమిరప నూరిన ఎర్రని పచ్చడి. దాని పేరు ‘రూయ్’, అంటే తుప్పు. రంగునుబట్టి వచ్చిన పేరు. రుచిలో అది మన వెల్లుల్లికారానికి దూరపు చుట్టం. 

‘రెస్టారెంట్’ అన్న మాట పుట్టుక కూడా రసంలోనే ఉన్నది. పద్దెనిమిదవ శతాబ్దపు పారిస్‌లో నీరసించినవారికి బలమిచ్చే మాంసరసాన్ని ‘రెస్టోరాఁ’ అనేవారు. సత్తువ తిరిగి ఇచ్చేది అని. అది అమ్మే అంగడికి క్రమంగా ఆ పేరే స్థిరపడింది.

మన జాలరి ఇంటి చేపలపులుసూ ఈ వంశానిదే. అమ్ముడుపోనివి, చిన్నవి, ముళ్లున్నవి ఇంటికి వస్తాయి. అక్కడ కుంకుమపువ్వు, ఇక్కడ చింతపండు. పులుపు వేరు, కారం పాలు వేరు, కుండ ఒకటే. మిరపకాయ ఈ రెండు తీరాలకూ అమెరికా ఖండంనుంచి వచ్చిన అతిథే. మార్సెయ్ వారు ఆ పులుసును తమ నగరానికి పతాకంగా ఎత్తుకొన్నారు. 1980లో అక్కడి భోజనశాలల యజమానులు కొందరు కలిసి ఒక నిబంధన పత్రం రాసుకొన్నారు: పేర్కొన్న చేపలలో కనీసం నాలుగు రకాలుండాలి, చేపలను అతిథి ఎదుటనే కోసి వడ్డించాలి, ఇత్యాది. నకిలీలనుంచి వంటను కాపాడుకోవటానికి చేసిన పని అది. కాపాడుకొన్నారు కూడా. కాని ఈనాడు పేరుగల చోట బూయాబేస్ తినాలంటే మనిషికి యాభై యూరోలకు పైమాటే. ఎవరూ కొనని చేపలతో పుట్టిన కుండ అది. జాలరి తన పులుసును తానే కొనలేని స్థితి వచ్చిందన్నమాట.

అండమాన్‌లో ఇందుకు తలకిందుల కథ జరుగుతున్నది. ఇక్కడ జాలరి పులుసు బల్ల మీదికి రానేలేదు. పలకమీద ఫ్రెంచి ఉన్నది, ఇటాలియన్ ఉన్నది, పంజాబీ పనీరు ఉన్నది. తెలుగువాడు పట్టిన చేప ఉన్నది. తెలుగువాడు తినే చేప లేదు. యజమానిని అడిగాను. “ముళ్లండీ,” అన్నాడాయన క్లుప్తంగా. “టూరిస్టులు ముళ్లు తీసుకొని తినరు.” మాట నిజమే. మార్సెయ్‌లో ఆ సమస్యకు వడ్డించేవాని చేతికి కత్తి ఇచ్చి పరిష్కారం కనుగొన్నారు. ఇక్కడ పెద్ద చేపను ఎముక తీసి ముక్క చేసి ఇవ్వటంతో సరిపుచ్చారు. పులుసు పలకమీదికి ఎక్కాలని నేను కోరుకోవాలా, వద్దా? ఎక్కితే సిక్కోలు వంటకు గౌరవం. ఎక్కి, నెగ్గి, ఖరీదైతే బాబాయి ఇంటి కుండలోకి రావలసిన చిన్న చేపకు కూడా తూకం మొదలవుతుంది. ఇప్పటికే మంచి దిబ్బచేపలో కొంత మంచుపెట్టెలకెక్కి చెన్నైకి, అటునుంచి ఇంకా దూరాలకు పోతున్నది. ఇంట్లో ఏమి వండుకొంటారని అడిగితే ఆయన చెప్పినది ఒకే ముక్క: “పెద్ద సేప మీకమ్మా, పులుసు సేప మాకు.” ఫిర్యాదుగా చెప్పలేదు. కాస్త గర్వంగానే చెప్పినట్టు నాకు తోచింది. ఈ పంపకంలో రుచి ఎటు పోయిందో ఆయనకు తెలుసు.

ఫ్రెంచి బల్ల మర్యాదలలో ఒకటి రెండు ఇక్కడికి కూడా వలస వచ్చాయి. తొందర లేకపోవటం మొదటిది. 2010లో యునెస్కో ఫ్రెంచివారి విందుభోజనాన్ని మానవజాతి వారసత్వాలలో ఒకటిగా చేర్చినప్పుడు గుర్తించినది ఏ ఒక్క వంటకాన్నో కాదు. వరుసగా వడ్డన, తగిన పానీయం, నలుగురి మధ్య మాట, ఈ మొత్తం పద్ధతిని. ఫ్రాన్సులో మీరు అడగనిదే బిల్లు తేరు. తెస్తే, లేచి వెళ్లమన్నట్టే. మనవారు కొందరు దీన్ని నిర్లక్ష్యమనుకొని కోపగించుకొంటారు. హేవ్‌లాక్‌లో ఆలస్యానికి మరొక కారణం కూడా ఉన్నది: చేపను మీరు చెప్పిన తరువాతనే పొయ్యిమీద పెడతారు. ఆకలితో వెళ్లి అరగంటలో తినివేయాలనుకొనేవారు జెట్టీ దగ్గర బెంగాలీ హోటలులో అన్నం, పప్పు, వేయించిన చేప తినటం ఉత్తమం. చవక, వేడి, రుచి మూడూ ఉంటాయి. తీరానికి వచ్చేవారు మాత్రం పౌర్ణమినాడు రావాలి. తూర్పు తీరం గనుక చంద్రుడు నేరుగా నీటిలోనుంచి లేస్తాడు. ఆటు ఉంటే సముద్రం చాలా దూరం వెనక్కి పోయి, దిబ్బల నడుమ నిలిచిన నీళ్లన్నింటిలోనూ ఒక్కొక్క చంద్రుడు.

పట్టిక చూడకుండా ముందు పలకను చూడటం, పలక చూసిన తరువాత ‘ఇది ఎప్పుడు వచ్చింది, ఎలా పట్టారు’ అని అడగటం అక్కడ తప్పు కాదు. జవాబు చెప్పగలిగిన చోట కూర్చోవచ్చు.

మర్నాడు తెల్లవారుజామున గాలి లేచింది. పడవలు సముద్రం మీదికి వెళ్లలేదు. మేము ఓడకు బయలుదేరుతూ ఆ దారిన వచ్చేసరికి పలక తుడిచి ఉన్నది. ‘నేటి చేప’ అన్న మాటల ఎదుట ఏమీ రాయలేదు. దాని కింద సుద్దముక్కతో ‘ఆమ్లెట్’ అని ఉన్నది. అదీ ఫ్రెంచి మాటే.